కనుమ నాటికి పుంజులు: పెరటి కోళ్ల మిగులు అమ్మకం, ప్రాజెక్టు డైరీ

ఊరు: ఖమ్మం జిల్లాలో మధిర వైపు, ఎన్టీఆర్ జిల్లాకు (పాత కృష్ణా జిల్లా) ఆనుకున్న పల్లె. కోళ్లు: ఊరి నాటుకోళ్లు. అనుకున్న పని: ఇంటికి కావలసినవి ఉంచుకుని, మిగిలిన పుంజులనూ పెట్టలనూ సంక్రాంతి లోపల మంచి ధరకు అమ్మి, జనవరి చివరికల్లా గూడు ఖాళీ చేయడం.

పల్లెల్లో కోళ్ల అమ్మకం మామూలుగా అవసరం వచ్చిన రోజున జరుగుతుంది. బడి ఫీజు కట్టాలనో, జ్వరం వచ్చిందనో, చుట్టాలు వస్తున్నారనో ఆ పూట చేతికి దొరికిన కోడిని మోటార్ సైకిల్ మీద గంపతో వచ్చే మారుబేరగాడికి ఇచ్చేస్తారు. ఆ పూట ధర ఆయనదే. దాన్ని తలకిందులు చేసి, అమ్మే తేదీని ముందే ఖాయం చేసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ గుడ్లు పెట్టడమే ఈ డైరీలోని పని అంతా.

జూన్ 16 – 23, మృగశిర కార్తె చివర, ఆరుద్ర మొదలు

కనుమకు అమ్మే పుంజుకు ఆరు నెలల వయసు ఉండాలి. అంతకు తక్కువైతే బరువు రాదు. ఏడాది దాటితే మాంసం ముదిరి, కుక్కర్‌లో ఎన్ని కూతలు వచ్చినా ఉడకదు. జనవరి 12 నుంచి 26 వారాలు వెనక్కి వెళ్తే జులై 14. అంతకు 21 రోజుల ముందు, అంటే జూన్ 23న, గుడ్లు పెట్ట కిందకు చేరాలి. ఏప్రిల్, మే నెలల్లో పెడితే ఎండకు గుడ్డు లోపలే పాడవుతుంది. ఆగస్టులో పెడితే పండక్కి పుంజు కిలో కూడా తూగదు. ఆరుద్ర వానలు మొదలయ్యే ఈ పది రోజులే సరైన అదను.

ఆరు పెట్టలు ఒకే రోజు పొదగడానికి కూర్చోవు. ముందుగా కూర్చున్న పెట్ట కింద రెండు పాత గుడ్లు ఉంచి వారం వరకు ఆపవచ్చు. మిగతావి ఈలోగా కూర్చుంటాయి. ఇంట్లో నాలుగు పెట్టలు కుదిరాయి, రెండు పక్కిళ్ల నుంచి వచ్చాయి. గుడ్లు కూడా నాలుగిళ్ల నుంచి సేకరించాం, ఒక్కోటి 12 రూపాయలు. దీనివల్ల వారంలో చాలినన్ని తాజా గుడ్లు దొరుకుతాయి, పైగా ఒకే పుంజు సంతానం తనలో తాను కలిసి దిగజారిపోకుండా రక్తం మారుతుంది. కొనేముందు ఆ ఇంట్లో పుంజు ఉందో లేదో అడగాలి. పుంజు లేని ఇంటి గుడ్డు కూరకే పనికొస్తుంది.

గుడ్డు మీద పెన్సిలుతో తేదీ రాసి, సన్న కొన కిందికి ఉండేలా తడి ఇసుక మీద పెట్టిన మట్టి కుండలో దాచాలి. ఏడు రోజులు దాటిన గుడ్డు వద్దు. కడగకూడదు, కడిగితే పెంకు మీది సన్నని పొర పోయి క్రిములు లోపలికి దిగుతాయి. రెట్ట అంటిన గుడ్డును పక్కన పెట్టేయడమే మేలు.

పొదిగే గంప అడుగున పొయ్యి బూడిద, దాని మీద వేపాకు, ఆపైన ఎండుగడ్డి. బూడిద, వేపాకు కోడి పేల కోసం. పేలు పట్టిన పెట్ట కుదురుగా కూర్చోదు, మాటిమాటికీ లేస్తుంది, గుడ్లు చల్లబడతాయి. ఒక్కో పెట్టకు 11 గుడ్లు, మొత్తం 66. పెద్ద పెట్ట ఉంటే 13 కూడా పెట్టవచ్చు గానీ వానాకాలంలో అంచున ఉన్న గుడ్లకు వేడి చాలదు.

ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని గంపలో ఇనప ముక్క, బొగ్గు వేసే అలవాటు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. వేయడం వల్ల నష్టమేమీ లేదు. గుడ్డు మురిగేది మాత్రం ఉరుముతో కాదు. గాలివాన వచ్చిన రాత్రి పెట్ట బెదిరి లేచిపోయి, గంటల తరబడి తిరిగి కూర్చోకపోవడం వల్ల. అందుకని గంపలను వసారాలో కాకుండా గోడలున్న గదిలో, చూరు నీళ్లు పడని చోట పెట్టాం.

జూన్ 30, జులై 7

ఏడో రోజు రాత్రి టార్చి మీద గుడ్డు పెట్టి చూశాం. నరాలు సాలెగూడులా పరుచుకుని మధ్యలో చుక్క కదులుతుంటే పిల్ల ఉన్నట్టు. ఖాళీగా పసుపు పచ్చగా వెలిగినవి 7. పద్నాలుగో రోజు ఇంకో 3 తీసేశాం. వీటిలో నరాలు విరిగి ఒక ఎర్రటి గీతలా మిగిలి ఉంటుంది. తీయకుండా వదిలితే కుళ్లి పగిలి పక్క గుడ్లను పాడుచేస్తాయి. మిగిలినవి 56.

పెట్టలను రోజూ ఒకసారి, ఒకే వేళకు, ఇరవై నిమిషాలు మేతకు దింపాలి. దిగనని మొరాయించే పెట్టను ఎత్తి దింపాల్సిందే. లేకపోతే గంపలోనే రెట్ట వేస్తుంది, ఒంట్లో శక్తి పోయి చివరి వారంలో కూలబడుతుంది.

జులై 14

50 పిల్లలు. ఆరు గుడ్లలో పిల్ల పెంకు లోపలే చచ్చిపోయింది. పెంకు ముక్కుతో పొడిచి ఆగిపోయిన పిల్లను చేత్తో విడిపించకూడదు. రక్తనాళాలు ఇంకా పెంకుకు అంటుకుని ఉంటాయి, లాగితే రక్తం కారిపోతుంది.

ఆరు పెట్టల పిల్లలను ఆ రాత్రే నాలుగు పెట్టల కిందకు సర్దాం. రాత్రి చీకట్లో, పెట్ట ఒంటి కిందకు ఒక్కో పిల్లను తోయాలి. పగలైతే గుర్తుపట్టి పొడుస్తుంది. రెండు పెట్టలకు పిల్లల బాధ్యత తప్పింది కాబట్టి తొందరగా మళ్లీ గుడ్డుకు వస్తాయి. పిల్లలతో తిరిగే పెట్ట రెండు మూడు నెలలు గుడ్డు పెట్టదు. ఈ ఒక్క సర్దుబాటు వల్ల ఒక విడత గుడ్లు అదనంగా దక్కుతాయి.

జులై 15 – ఆగస్టు 11

ప్రాణాలు పోయే నెల ఇదే. పల్లెల్లో వేసే నూకలతో పిల్ల బతుకుతుంది గానీ ఎదగదు. మొదటి నాలుగు వారాలు చిక్ స్టార్టర్ దాణా కొనడమే లాభం. పిల్లకు నెల మొత్తానికి అరకిలో, 50 పిల్లలకు 25 కిలోలు. కిలో 45 చొప్పున 1,125 రూపాయలు. ఈ ఖర్చుకు జంకి నూకలతో సరిపెడితే జనవరిలో ఒక్కో పుంజు రెండు మూడు వందల గ్రాములు తక్కువ తూగుతుంది.

టీకాలు ఇలా నడిచాయి:

7వ రోజు (జులై 21) – లసోటా (కొక్కెర తెగులు అనే ప్రాణాంతక అంటురోగానికి టీకా), కంట్లో ఒక చుక్క.
14వ రోజు (జులై 28) – గంబోరో (పిల్లల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే తెగులుకు టీకా), అదే తీరున.
28వ రోజు (ఆగస్టు 11) – లసోటా మళ్లీ.

సీసా పశువైద్యశాల నుంచి ఇంటికి ఐస్ ముక్కలు వేసిన థర్మోస్ ఫ్లాస్కులో రావాలి. చొక్కా జేబులో పెట్టుకుని ఎండలో వస్తే అది మందు కాదు, వట్టి నీళ్లు. కలిపిన తరువాత రెండు గంటల్లో అయిపోవాలి. చుక్క వేశాక పిల్ల రెప్ప ఆర్పి మింగుకునే వరకు చేతిలోనే ఉంచాలి. తొందరపడి కింద వదిలితే తల విదిలిస్తుంది, చుక్క నేల పాలవుతుంది. సీసాకు 100 డోసులు, పిల్లలు 50. మిగిలిన సగం అదే సాయంత్రం పక్కిళ్ల పిల్లలకు వేశాం. ఉదారత అనుకోవద్దు. పక్కింటి కోడికి కొక్కెర తెగులు వస్తే మన గూడు కూడా వారం తిరక్కుండా ఖాళీ అవుతుంది.

పోయినవి ఆరు. వానలో తడిసి బిగుసుకుపోయినవి రెండు. కాకి ఎత్తుకుపోయింది ఒకటి. లోతు పళ్లెంలో పడి మునిగింది ఒకటి (ఆ తరువాత పళ్లెంలో గులకరాళ్లు వేశాం). నాలుగో వారంలో రక్త పారుడుతో రెండు. రక్త పారుడు తడి నేల రోగం. ఊక ముద్దగా అంటుకుంటే మొదలవుతుంది. ఒక్క పిల్ల రెట్టలో ఎరుపు కనిపించిన పూటే అన్నిటికీ ఆంప్రోలియం పొడిని పాకెట్ మీది మోతాదు ప్రకారం ఐదు రోజులు నీళ్లలో ఇచ్చి, తడిసిన ఊకంతా ఎత్తి మార్చాం. ఒక రోజు ఆలస్యమైతే రెండు కాదు, పది పోతాయి.

సెప్టెంబరు

సెప్టెంబరు 1న మశూచి టీకా, రెక్క పొరలో రెండు మొనల సూదితో. వారం పది రోజులకు గుచ్చిన చోట చిన్న పొక్కు రావాలి, రాకపోతే టీకా పట్టలేదని అర్థం. 15న ఆర్‌2బి (ఎదిగిన కోళ్లకు వేసే కొక్కెర తెగులు టీకా), అర మిల్లీలీటరు, చర్మం కింద. 100 డోసుల సీసాను 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలుపుతారు. ఇది ఘాటైన టీకా. రెండు మూడు రోజులు కోళ్లు ముడుచుకుని కూర్చుంటాయి, మేత తగ్గిస్తాయి. పేలు, పాములు (కడుపు పురుగులు) ఉన్న కోడికి వేస్తే తట్టుకోలేదు. అందుకని వారం ముందే పురుగుల మందు తాగించాం. ఈ టీకా వేశాక మూడు వారాల పాటు కోళ్లను ఎక్కడికీ పంపకూడదు, ఎవరి కోళ్లనూ ఇంటికి రానివ్వకూడదు.

ఇప్పుడు లెక్క 44.

ఈ నెలలోనే కాళ్లకు ప్లాస్టిక్ రింగులు వేశాం. ఎరుపు అంటే కనుమ పుంజు, పచ్చ అంటే అమ్మే పెట్ట, నీలం అంటే ఇంట్లో ఉండేది. తొమ్మిది పది వారాలకు జుట్టు ఎర్రబడటం, మెడ మీద ఈకలు మొనదేలడం చూసి పుంజును పోల్చుకోవచ్చు. రింగు వేయడంలో ఒక లాభం ఉంది. ఎరుపు రింగు కోడి మీద ఇంట్లో ఎవరికీ ఆశ పుట్టదు, చుట్టాలు వచ్చినప్పుడు చేయి దాని మీదకు పోదు. అమ్మకానికి పెట్టుకున్న కోళ్లలో సగం ఇంట్లోనే కరిగిపోవడం అందరికీ తెలిసిన సంగతే. రింగు బిగుసుకుంటే కాలు వాస్తుంది కాబట్టి నెలకోసారి వదులు చేయాలి.

అక్టోబరు మొదటి వారం

ముంగిస రెండిటిని చంపింది. గూడు తలుపు కింద బొటనవేలంత సందు ఉంది, అదే చాలింది. రేకు ముక్క కొట్టి మూశాం. లెక్క 42: పుంజులు 20, పెట్టలు 22.

ఉంచుకునేవి ఒక పుంజు, ఆరు పెట్టలు. పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. రెండో పుంజు ఉంటే మేత దండగ, పైగా పోట్లాట. కాబట్టి అమ్మేవి 19 పుంజులు, 16 పెట్టలు.

దసరా గిరాకీని ఈసారి వదులుకున్నాం. తెలంగాణలో దసరాకు మాంసం తప్పనిసరి, ధర బాగానే ఉంటుంది. కానీ పన్నెండు వారాల పుంజు ఏడెనిమిది వందల గ్రాములే. ఆ ఎముకల గూడును అమ్మితే, తరువాతి మూడు నెలల్లో కూడబోయే మంచి బరువును వదులుకున్నట్టే. దసరాకు అమ్మాలంటే గుడ్లు మార్చిలో పెట్టాలి. అది వేరే లెక్క.

అక్టోబరు చివర – నవంబరు, కార్తీక మాసం

కార్తీకం వస్తే చాలా ఇళ్లలో మాంసం బంద్. వెనకాలే అయ్యప్ప దీక్షలు. కోళ్ల దుకాణాల్లో రేటు పడిపోతుంది, మారుబేరగాడు సరిగ్గా అప్పుడే ఊళ్లలోకి వస్తాడు. కనీసం రెండుసార్లు అడిగాడు: పుంజుకు 450, తూకం లేదు, కంటి లెక్క. దుకాణంలో తూయించి చూస్తే ఆ ధరకు అతను కొన్న పుంజు 1.4 కిలోలు. అంటే కిలో 321 రూపాయలు పడుతోంది. అతనికీ పెట్రోలు ఉంది, దారిలో చచ్చేవి ఉన్నాయి, దుకాణం దగ్గర బేరం ఉంది, అన్నీ నిజమే. అయినా తూకం లేకుండా ఇవ్వకూడదు. కంటి లెక్కలో మోసపోయేది ఎప్పుడూ అమ్మేవాళ్లే. రోజుకు వంద కోళ్లు చేత్తో ఎత్తే మనిషికి యాభై గ్రాముల తేడా కూడా తెలుస్తుంది.

ఈ నెలలో అమ్ముడయ్యేవి పెట్టలు. ఇది చాలామందికి తట్టని సంగతి. పద్దెనిమిది, ఇరవై వారాల పెట్ట ఇంకో రెండు నెలల్లో గుడ్డుకు వస్తుంది. దాన్ని కొనేవాళ్లు కోసుకోవడానికి కాదు, పెంచుకోవడానికి కొంటారు. కార్తీకానికీ వాళ్లకూ సంబంధం లేదు. గుడ్డు పెట్టబోయే పెట్టకు తూకం కొలమానమే కాదు. కాళ్లు, కళ్లు, జుట్టు, టీకాలు ఇవి చూసి కొంటారు. టీకాల తేదీలు రాసిన చీటీ ఒక్కో పెట్టతో పాటు ఇచ్చాం. చీటీ చూపించిన చోట బేరం ఆడటం తగ్గింది. 16 పెట్టలు, ఒక్కోటి 450, మూడు వారాల్లో చెల్లిపోయాయి: 7,200 రూపాయలు. కొన్నవాళ్లకు చెప్పిన మాట ఒకటే, రెండు వారాలు వీటిని పాత కోళ్లలో కలపకుండా వేరుగా ఉంచమని.

పుంజులను నవంబరు మొదట్లోనే వేరు చేశాం. పదహారు వారాలు దాటాక పోట్లాట మొదలవుతుంది. జుట్టు చీలిన, కన్ను దెబ్బతిన్న పుంజుకు మొక్కు ధర రాదు. ఒక పుంజు మెడ మీద చర్మం లేచిపోయింది. దాన్ని నయం చేసి, మందు గడువు తీరాక, ఊళ్లోనే 500కు ఇచ్చేశాం. మిగిలినవి 18.

డిసెంబరు: తూకం, మేత, ఎంతవరకు ఆగాలి

ఇక్కడ ఆగి వివరంగా రాయాలి. లాభం పోయేదీ మిగిలేదీ ఇక్కడే.

కొక్కెం త్రాసు ఒకటి కొన్నాం, 10 గ్రాముల గీతతో. తూచడానికి పాత గోనె సంచి మూల కత్తిరించి, ఆ కంతలోంచి పుంజు తల బయటకు వచ్చేలా పెట్టాలి. రెక్కలు సంచిలో ముడుచుకుని ఉంటాయి, తల బయట ఉంటుంది కాబట్టి ఊపిరి ఆడుతుంది, కోడి కొట్టుకోదు. ముందు ఖాళీ సంచి వేలాడదీసి త్రాసును సున్నా చేయాలి. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీస్తే త్రాసు అంకె ఆగదు, కోడికి హింస కూడా. ఇంటి లెక్కకు ఏ త్రాసైనా చాలు. అమ్మకానికి వాడే త్రాసు మీద మాత్రం తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి.

ఒకే పుంజును సాయంత్రం తూస్తే 1.62, మర్నాడు తెల్లవారుజామున మేత వేయకముందు తూస్తే 1.53. తొంభై గ్రాములు మెడ కింది మేత సంచిలో, పేగుల్లో ఉన్న బరువు. సాయంత్రం కడుపునిండా పెట్టి తూస్తే కొనేవాళ్లు మేతకు కోడి ధర కట్టినట్టే. ఒకసారి పట్టుకుని చూసి గింజల సంచి చేతికి తగిలిందంటే ఆ మనిషి మళ్లీ రాడు. అందుకని తూకం అంతా తెల్లవారుజామునే, ఖాళీ కడుపుతో, కొనేవాళ్ల ముందే.

ఆదివారం ఆదివారం ఐదు ఎర్ర రింగు పుంజుల సగటు:

20వ వారం – 1.18 కిలోలు
22వ వారం – 1.33
24వ వారం – 1.49
25వ వారం – 1.55
26వ వారం – 1.60

పెరటి తిరుగుడు కాక చేతి మేత రోజుకు 75 గ్రాములు: సగానికి పైగా మొక్కజొన్న రవ్వ, తక్కినది తౌడు, వేరుశనగ చెక్క, గుప్పెడు గుల్ల పొడి. కిలో 30 రూపాయలు పడింది. అంటే పుంజుకు రోజుకు 2.25, వారానికి 15.75. అమ్మకం ధర కిలో 500 అనుకుంటే గ్రాముకు అర్ధ రూపాయి. 15.75 రావాలంటే పుంజు వారానికి 32 గ్రాములు పెరగాలి. అంతకంటే ఎక్కువ పెరుగుతున్నంత కాలం ఆగడం లాభం. తక్కువకు పడిన వారం ఆ పుంజు మన మేత తిని మనకు నష్టం చేస్తున్నట్టు. పై లెక్కలో చివరి వారం కూడా 50 గ్రాములు కాబట్టి కనుమ దాకా ఆగడం సరైన పనే. ఒక పుంజు మాత్రం 24వ వారం నుంచి 20 గ్రాముల దగ్గరే ఆగిపోయింది. దాన్ని ముందే మొక్కు బేరానికి కేటాయించాం. మేత ధర, కోడి ధర మారినప్పుడల్లా ఈ భాగహారం మళ్లీ చేసుకోవాలి: వారం మేత ఖర్చును గ్రాము ధరతో భాగించడం, అంతే.

వేరుశనగ చెక్క వాసన చూసి కొనాలి. బూజు వాసన, పచ్చటి మచ్చలు ఉంటే అందులో విషం ఉన్నట్టే. కోడి కార్జం పాడై, తిన్నది ఒంటపట్టదు. తడిసిన మొక్కజొన్నతో కూడా ఇదే తంటా. చివరి మూడు వారాలు చేపల వ్యర్థం ఆపేశాం. అది తిన్న కోడి కూరలో నీచు వాసన వస్తుంది, తినేవాళ్లు వెంటనే పట్టేస్తారు. పురుగుల మందు, యాంటీబయాటిక్ ఏది వాడినా డబ్బా మీద రాసిన గడువు తీరేవరకు అమ్మకూడదు.

మొక్కు గిరాకీ వేరే రకం. అమ్మవారికి మొక్కుకున్నవాళ్లు కిలోల మాట ఎత్తరు. ఒంటి మీద మచ్చ, గాయం లేని, ఫలానా రంగు పుంజు కావాలంటారు. కొందరు పూర్తి నలుపు అడుగుతారు, కొందరు డేగ (ఎర్రటి ఈకల పుంజు). నాలుగు పుంజులు అలా పోయాయి, ఒక్కోటి వెయ్యి. ఏ రంగు పుంజులు ఉన్నాయో ఊళ్లో నలుగురికి చెప్పి ఉంచితే చాలు, వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

పందేల వాళ్లు కూడా వచ్చారు. ఇవ్వలేదు. కోడి పందెం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆరు నెలలు చేత్తో పెంచిన కోడి కాలికి కత్తి కట్టించడానికి ఏ ధరా చాలదు.

సంత గురించి ఒక నియమం

మిగిలిన 14 పుంజుల్లో ఒక్కటి కూడా సంతకు పోలేదు, పోకపోవడం పట్టుబట్టి తీసుకున్న నిర్ణయం. సంతలో పది ఊళ్ల కోళ్లు ఒకే బుట్టలో పడతాయి. రేటు కుదరక సాయంత్రం రెండు పుంజులను ఇంటికి తెచ్చి గూట్లో వదిలితే, వాటితో పాటు కొక్కెర తెగులు వస్తుంది. పైకి ఏమీ కనిపించదు. కొద్ది రోజుల తరువాత ఆకుపచ్చ రెట్ట, మెడ వంకర, ఒకటొకటిగా నేల మీద. ఊరి కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయిన చోట ఆరా తీస్తే చాలాసార్లు మూలం ఇదే: సంతకు వెళ్లి తిరిగొచ్చిన కోడి. సంతకు తీసుకెళ్లిన కోడిని వచ్చిన ధరకు అమ్మి రావాలి. తప్పనిసరై తెస్తే 21 రోజులు వేరే చోట, వేరే నీళ్ల పళ్లెంతో ఉంచాలి. దాన్ని ముట్టుకున్న చేతులతో, చెప్పులతో గూటి దగ్గరకు పోకూడదు. సంత నుంచి తెచ్చిన ఖాళీ గంపను కూడా బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో పెట్టాలి. దీని మీద రాజీ పడకండి.

జనవరి మొదటి వారం: ఆర్డర్లు

ఖమ్మం, విజయవాడ వైపు చుట్టాలు, తెలిసినవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన సందేశం ఇది:

"నాటు పుంజులు 14. జులైలో పుట్టినవి. ఊరి కోళ్లు, క్రాస్ కాదు. ఒక్కోటి కిలోన్నర పైన. తెల్లవారుజామున ఖాళీ కడుపు తూకం, మీ ముందే. బతికున్న కోడి కిలో 500. కాల్చి, పసుపు రాసి, ముక్కలు కొట్టి కావాలంటే కోడికి 60 అదనం. 13, 14 తేదీల్లో ఉదయం 5 నుంచి 8 వరకు. సగం డబ్బు ముందు ఫోన్‌పే."

ప్రతి పుంజునూ త్రాసు అంకెతో సహా ఫొటో తీసి పంపాం. "క్రాసా, అసలు నాటా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ లాంటి క్రాస్ కోళ్లు పెంచేవాళ్లు వాటిని నాటు అని చెప్పి అమ్మడం తప్పు, అవసరం కూడా లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే తయారుచేసిన వనరాజా నాటుకోడి కంటే తొందరగా బరువు కడుతుంది, దాని ధరకు అది చవక. ఏది ఏదో చెప్పి అమ్మితే రెండింటికీ గిరాకీ ఉంది.

లేత, ముదురు తేడా కొనేవాళ్లకే చూపించాం. రొమ్ము ఎముక చివర వేలితో నొక్కితే మెత్తగా వంగితే లేత కోడి. కాలి ముల్లు బఠాణీ గింజంత ఉంటే ఆరు నెలలు. వేలి కణుపంత పొడుగై వంకర తిరిగితే ఏడాది దాటింది.

ధర ఎలా పెట్టాలి అంటే, పండక్కి పది రోజుల ముందు దగ్గరి పట్నంలో మూడు దుకాణాల్లో బతికున్న నాటుకోడి రేటు అడిగి, మధ్యలో ఉన్నదాన్ని తీసుకున్నాం. ఆ తరువాత రేటు పెరిగినా మాట మార్చలేదు. పండగ ముందు రెండు రోజులు రేటు ఎగబాకుతుంది, ఆశ పుడుతుంది. ఒప్పుకున్న ధర పెంచితే ఆదివారాలు వచ్చే కొనుగోలుదారులు వేసవిలో ముఖం చూడరు.

జనవరి 12 – 16

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ప్రయాణాలు ఉండవు, పట్నం వాళ్లు ఆ రోజు రారు. కాబట్టి పట్నం కోళ్లన్నీ భోగికే చేరిపోవాలి. పైగా అయ్యప్ప దీక్ష తీసుకున్న ఇళ్లు జనవరి 14 మకరజ్యోతి దాకా మాంసం ముట్టవు. ఆ ఇళ్ల వంటింటి గిరాకీ అంతా ఒక్కసారిగా కనుమ, ముక్కనుమల మీద పడుతుంది. అందుకే ఈ రెండు రోజులకు ధర.

రవాణాకు కూరగాయల ప్లాస్టిక్ ట్రేలు, మీద వల కట్టి, అడుగున గోనె పట్టా. ట్రేకు మూడు పుంజులు మాత్రమే, నాలుగోది వేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటాయి. పుంజులు, పెట్టలు ఒకే పెట్టెలో వేయకూడదు, జంతువుల రవాణాకు సంబంధించిన 1978 నిబంధనలు కూడా ఇదే చెబుతాయి. మేత ముందు రాత్రి నుంచి బంద్, నీళ్లు మాత్రం బయలుదేరే వరకు. ఎండ ఎక్కకముందే చేర్చాలి.

ఇంటి దగ్గరే కోసి ఇచ్చినవి 6. ఒక్కో కోడికి ఇద్దరు మనుషులకు ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. నీళ్లు మరీ మరిగితే చర్మం ఉడికి చిరుగుతుంది. చేయి పెట్టలేనంత వేడి చాలు, నిమిషం ముంచితే ఈకలు ఊడొస్తాయి. తరువాత ఎండుగడ్డి మంట మీద తిప్పుతూ కాల్చాలి. గ్యాస్ మంటతో కాల్చినదానికీ దీనికీ వాసనలో తేడా ఉంటుంది, తెలిసినవాళ్లు గడ్డి మంటే అడుగుతారు. చర్మం బంగారు రంగుకు తిరిగాక పసుపు రాసి, రుద్ది కడిగి, అప్పుడు కత్తి పెట్టాలి. కందనకాయ, కార్జం విడిగా పొట్లం కట్టాలి. మరిచిపోతే ఫోను వస్తుంది. బతికున్న బరువులో నూటికి 65 – 70 వంతులు మాంసం దిగుతుందని ముందే చెప్పాం. చెప్పకపోతే కిలోన్నర కోడికి కిలో మాంసం ఏమిటని అనుమానం. ఈకలు, పేగులు రెండడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాం, లేకపోతే రాత్రికి కుక్కలు తవ్వి గూటి దాకా వస్తాయి.

14 పుంజులు, 22.4 కిలోలు, 11,200 రూపాయలు. శుభ్రం చేసిన కూలి 360, గడ్డి తెచ్చి మంట వేసిన పిల్లలకు ఇచ్చేశాం, లెక్కలో కలపలేదు.

జనవరి 20: లెక్క

వచ్చింది: పుంజులు 11,200, మొక్కు పుంజులు 4,000, దెబ్బ తగిలినది 500, పెట్టలు 7,200. మొత్తం 22,900.

పోయింది: గుడ్లు 792, చిక్ దాణా 1,125, ఐదో వారం నుంచి ఇరవయ్యో వారం వరకు మేత 4,960, చివరి ఆరు వారాల మేత 2,460, టీకాలు మందులు 900, రింగులు, త్రాసు, వల, రేకు 1,200. మొత్తం 11,437.

మిగిలింది 11,463. ఏడు నెలల్లో పెట్టిన సమయం సుమారు 300 గంటలు. గంటకు 38 రూపాయలు. కూలికి వెళ్తే ఇంతకంటే ఎక్కువే వస్తుంది, ఇది కూలికి బదులు కాదు. ఇంటి దగ్గర ఉండి, వంట మధ్యలో, పశువుల పని మధ్యలో సాగే పని కాబట్టి కుదురుతుంది. ఖర్చులో పెద్ద భాగం మేత. పెరడు చిన్నదై, అన్నీ కొని వేయాల్సి వస్తే ఈ మిగులులో సగం పోతుంది.

జనవరి చివర

ఎర్ర రింగు ఒక్కటి కూడా మిగల్లేదు. ఫిబ్రవరికి పుంజులు నిలవ ఉంచకపోవడానికి రెండు కారణాలు. పండగ దాటగానే ధర పడుతుంది. రెండోది బర్డ్ ఫ్లూ. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో అది బయటపడినప్పుడు రెండు గోదావరి జిల్లాల్లోనే కాదు, ఎక్కడో ఉన్న ఊళ్లలో కూడా కోడిని కొనే నాథుడు లేడు. రోగం తేలిన చోటు చుట్టూ పది కిలోమీటర్ల మేర కోళ్లు కదలడానికి వీల్లేదు. కోళ్లు వరసగా చస్తుంటే చవగ్గా అమ్మేయాలని చూడకుండా, ముట్టుకోకుండా, 1962కు ఫోను చేసి పశువైద్యులకు చెప్పాలి.

గూట్లోని ఊకంతా ఎత్తి పెంటలో వేశాం. నేలకు, గోడలకు సున్నం. కోళ్లు ఎక్కి పడుకునే దండేలను విప్పి ఎండబెట్టి, పగుళ్లలో పేలు దాక్కున్న చోట కిరోసిన్ గుడ్డతో తుడిచాం. గూడు ఖాళీగా ఉండే ఈ మూడు వారాలూ, ఇంటికి ఉంచుకున్న ఏడు కోళ్లు వసారాలో గంపల కింద పడుకుంటున్నాయి. నీలం రింగు పెట్టల్లో రెండు గుడ్డుకు వచ్చాయి. మొదటి పది పదిహేను గుడ్లు చిన్నవిగా ఉంటాయి, పొదగడానికి వాడం. ఫిబ్రవరి 25 నుంచి వచ్చే గుడ్ల మీద పెన్సిలుతో తేదీ రాయడం మొదలవుతుంది. అవి మార్చి మొదట్లో పెట్టల కిందకు, దసరా పుంజుల కోసం.